ఉత్తరపు గోడకున్న రెండు గొట్టాలు

హిల్మర్ ఓప్సాల్ నలభై ఒక్క ఏళ్ళు నార్‌బీ ఊళ్ళో, ఇళ్ళను వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేశాడు. ఊళ్ళో ఉన్నవి మూడు వందల ఇళ్ళు. ఏ ఇంటి బేస్‌మెంట్‌లో మూడో మెట్టు వదులుగా ఉందో, ఏ ఇంట్లో ఊరగాయ సీసాల వెనక బ్రాందీ సీసా దాక్కుని ఉందో ఆయనకు తెలుసు. తెలిసినది ఒక్కటి కూడా బయట అనలేదు. మా మినెసోటా రాష్ట్రం ఉత్తరపు కొసలో మనిషికి ఇంతకు మించిన యోగ్యతాపత్రం ఇవ్వరు.

ఆయన పనిలో ఇంకో పద్ధతి ఉండేది. తప్పు ఎవరిదైనా సరే, తీసుకెళ్ళి మిషను నెత్తిన వేసేవాడు. చలికాలంలో ఫర్నేస్ ఆగిపోయిందంటే చాలాసార్లు దానికి రోగమేమీ ఉండదు. ఇంటివాళ్ళే ఏదో చేసి ఉంటారు. వేడిగాలి వచ్చే జాలీ మీదికి సోఫా జరుపుతారు. ఫిల్టరు మార్చడం మరిచిపోతే అది ఏడాదికి కంబళిలా తయారవుతుంది. బ్యాంకు మేనేజరు భార్య ఒకసారి బేస్‌మెంట్ మెట్ల పైన ఉన్న ఫర్నేస్ స్విచ్చిని దీపం స్విచ్చి అనుకుని ఆర్పేసి, ఇల్లు గడ్డకడుతోందని ఫోన్ చేసింది. హిల్మర్ మెట్లు దిగుతూ దిగుతూ దాన్ని మోచేత్తో పైకి నెట్టాడు. కింద ఫర్నేస్ బుద్ధిగా వెలిగింది. అయినా ఆయన ఇరవై నిమిషాలు కిందే ఉండి, స్పానరుతో ఏదో గొట్టం మీద టకటకా కొట్టి, చేతులకు కాస్త మసి పూసుకుని పైకి వచ్చాడు.

"ఏమైందండీ దానికి?" అని అడిగిందావిడ.

"ఈ మిషన్లు అంతేనమ్మా. అప్పుడప్పుడు అలా చేస్తుంటాయి," అన్నాడు.

ఈ మాట ఊరందరికీ కంఠతా వచ్చు. కారు మొరాయించినా, రొట్టె మాడినా, ఎవరి పెళ్ళి కుదిరి తప్పిపోయినా "అవి అంతే, అప్పుడప్పుడు అలా చేస్తుంటాయి" అనుకోవడం మా నార్‌బీలో అలవాటైపోయింది.

అలాంటి మనిషి ఒక్కసారి నోరు జారాడు.

పదకొండేళ్ళ కిందట, క్రిస్మస్‌కు ముందు ఆదివారం. ఆ రోజు ఆయన పొద్దున్నుంచి ఏడిళ్ళు తిరిగాడు, మధ్యాహ్నం తిండి కూడా లేదు. సాయంత్రం చర్చి బేస్‌మెంట్‌లో పిల్లల నాటకం. వేడి రావడం లేదని కబురొచ్చింది. వెళ్ళి చూస్తే దేవదూతలు రెక్కల మీద కోట్లు వేసుకుని వణుకుతున్నారు. చర్చి బాగోగులు చూసే గేలెన్ ట్వైట్, మడత కుర్చీలన్నీ మోసుకొచ్చి ఫర్నేస్ గాలి పీల్చుకునే జాలీకి అడ్డంగా పేర్చి పెట్టాడు. చాలా నీటుగా, వరస తప్పకుండా పేర్చాడు. హిల్మర్ ఆ కుర్చీలను ఒక్కొక్కటే లాగి పడేస్తూ, అరవై మంది వింటుండగా అనేశాడు.

"గాలొచ్చే దారికి అడ్డం పెట్టకూడదని కోడికి కూడా తెలుసు కదయ్యా, గేలెన్!"

జనం నవ్వారు. దేవదూతలు కూడా నవ్వారు. గేలెన్ టోపీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున, తాను ఎప్పుడో అడిగి తీసుకెళ్ళిన నిచ్చెనను హిల్మర్ వాకిట్లో ఆనించి, తలుపు కొట్టకుండా పోయాడు.

గేలెన్ ఉండేది పక్కింట్లోనే, ఉత్తరం వైపు. పొలం అమ్ముకుని ఊళ్ళోకి వచ్చిన ఒంటికాయ సొంఠికొమ్ము, పెళ్ళి చేసుకోలేదు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కొట్లాట కూడా లేదు. మావాళ్ళు కొట్లాడరు, ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం కంటే కొట్లాటే నయమని చూసేవాళ్ళకు అనిపిస్తుంది. హిల్మర్ మొదటి వారమే క్షమాపణ చెప్పాలనుకున్నాడు. రెండో వారానికి కాస్త ఆలస్యమైందనిపించింది. ఏడాది తిరిగేసరికి మరీ ఆలస్యమైపోయింది. తప్పు తనదేనని లోపల తెలిసిన మనిషికి ఒక రకం మొండితనం వస్తుంది. అది వచ్చి, గేలెన్ స్థలంలో కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. గేలెన్ పెట్టమని అడిగిందీ లేదు.

హిల్మర్ భార్య ఆర్డిస్ మాత్రం ఏటా శీతాకాలం లెఫ్సే అనే పల్చటి బంగాళాదుంప రొట్టెలు కాల్చి, గుడ్డలో చుట్టి పక్కింటికి ఇచ్చి వచ్చేది.

"గొడవ మీది. రొట్టెలు నావి," అనేది.

ఈ చలికాలం, డిసెంబరు చివర్లో, ఆర్డిస్ పోస్టాఫీసు ముందు మంచు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు, అది బాగానే జరిగింది. తర్వాత ఊపిరితిత్తులకు నెమ్ము పట్టి, అయిదు వారాలు అక్కడే ఉంచేశారు. చివరికి గురువారం ఇంటికి పంపుతామన్నారు. ఒకటే షరతు, ఇల్లు వెచ్చగా ఉండాలి. కాదంటే నెల రోజులు అక్కడే వృద్ధాశ్రమంలో ఉండాలి. వృద్ధాశ్రమమంటే ఆర్డిస్‌కి ఒళ్ళుమంట. అక్కడ బఠాణీలు తప్ప ఇంకేమీ పెట్టరని ఎవరో చెప్పారు.

సోమవారం రాత్రి నడుం లోతు మంచు పడింది. మంగళవారం పొద్దున హిల్మర్ ముక్కు చల్లబడి లేచాడు. చెవి మిషను పెట్టుకుని విన్నాడు. ఇంట్లో చప్పుడే లేదు. ఫర్నేస్ ఆగిపోయింది.

కిటికీలోంచి చూస్తే కారు దారి రోడ్డు వరకూ శుభ్రంగా ఊడ్చినట్టు ఉంది. ఎవరో తెల్లవారకముందే వచ్చి మంచు చిమ్మే మిషను నడిపి పోయారు. ఆర్డిస్ ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ మంచు పడిన ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది. చర్చి వాళ్ళెవరో అయి ఉంటారని హిల్మర్ అనుకున్నాడు. ఎవరు చేశారని ఆరా తీయడం మా ఊళ్ళో మర్యాద కాదు. దొరికిపోతే చేసినవాడు సిగ్గుతో చచ్చిపోతాడు.

ఆయన బేస్‌మెంట్‌లోకి దిగాడు. ఫర్నేస్ తలుపుకు చిన్న గాజు కన్ను ఉంటుంది. దాని లోపల ఎర్ర దీపం మూడుసార్లు మిణికి ఆగుతోంది. మళ్ళీ మూడుసార్లు మిణికి ఆగుతోంది. మూడు మిణుకులంటే, గాలి సరిగ్గా ఆడటం లేదు, నేను మంట వెలిగించను అని అర్థం. తలుపు లోపలివైపు అంటించిన కాగితంలో మూడు మిణుకులకు ఆరు కారణాలు రాసి ఉన్నాయి.

హిల్మర్ మొదటి కారణం దగ్గర మొదలుపెట్టాడు. గాలి ఒత్తిడిని కనిపెట్టే చిన్న స్విచ్చి చెడిపోయి ఉండవచ్చు. తీసి కొత్తది వేశాడు. మూడు మిణుకులు. దానికి వెళ్ళే రబ్బరు గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. ఊడదీసి నోటితో ఊదాడు, గాలి దిట్టంగా పోయింది. మూడు మిణుకులు. నీరు కారే గొట్టం కడిగాడు. తీగల కొసలు గీకి మళ్ళీ బిగించాడు. అసలు దీనికి సంబంధమే లేని ఫిల్టరు కూడా మార్చాడు, పాపం దాన్నెందుకు వదలాలని. నీళ్ళ పైపులు పగలకుండా రెండు కరెంటు హీటర్లు కుళాయిల దగ్గర పెట్టి, కోటుతోనే పడుకున్నాడు. బుధవారం పొద్దున పాత సామాన్లలోంచి ఇంకో ఫ్యాను మోటారు వెతికి బిగించాడు. ఫర్నేస్ ఆయన్ని ఎర్రటి కంటితో చూసి మూడుసార్లు మిణికింది.

మిగిలింది ఆరో కారణం. "ఇంటి బయట గొట్టాల మూతులు మూసుకుపోయి ఉండవచ్చు. వెళ్ళి చూడండి."

నిజానికి అందరికంటే ముందు చూడవలసింది అదే. నలభై ఒక్క ఏళ్ళు ఫోన్ చేసిన ప్రతివాడికీ ఆయన మొదట చెప్పింది అదే. ఫర్నేస్ ఒక గొట్టంతో గాలి పీలుస్తుంది, ఇంకో గొట్టంతో వదులుతుంది. రెండూ తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఊళ్ళో ఎవరింట్లో బిగించినా వాటిని మనిషి ఛాతీ ఎత్తున పెట్టేవాడు, మంచు అందకుండా. తన ఇంట్లో మాత్రం మోకాలి ఎత్తున పెట్టాడు. ఆ రోజు శనివారం, ఆర్డిస్ భోజనానికి పిలిచింది, ఇంటి పనే కదా తర్వాత సరిచేసుకుందాంలే అనుకున్నాడు. అది జరిగి పద్నాలుగేళ్ళయింది.

అవి ఉన్నది ఉత్తరపు గోడకు. చలికని ఆ గోడకు కిటికీ పెట్టలేదు, లోపల్నుంచి ఏమీ కనబడదు. గోడకూ గేలెన్ హద్దుకూ మధ్య ఉన్నది రెండడుగుల సందు. నడుం లోతు మంచులో ఆ గొట్టాల దగ్గరికి పోవాలంటే గేలెన్ స్థలంలో నడవక తప్పదు. పైగా గేలెన్ వంటింటి కిటికీ తిన్నగా అటే చూస్తుంటుంది.

హిల్మర్ బేస్‌మెంట్ మెట్టు మీద కూర్చుని, ఆ కాగితంలో ఏడో కారణమేమైనా ఉందేమోనని వెతికాడు.

అప్పుడు ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి ఆర్డిస్.

"ఇల్లెలా ఉంది?"

"ఉంది."

"వెచ్చగా ఉందా అంటున్నా."

"దారిలో పడుతోంది."

"నీ పళ్ళు టకటకమంటున్నాయి హిల్మర్. నాకు ఇక్కడికి వినబడుతోంది. ఫర్నేస్ ఆగిందా?"

"ఆగింది."

"ఎన్నిసార్లు మిణుకుతోంది?"

"మూడు."

"పైపులు చూశావా?"

ఆర్డిస్ నలభై ఏళ్ళు ఆయన వ్యాపారం ఫోను ఎత్తిన మనిషి. ఆ ఆరు కారణాలు ఆవిడకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

"ఫ్యాను మోటారు మార్చాను," అన్నాడు హిల్మర్.

"ఫ్యాను ఊసు ఎవరడిగారు? పైపులు చూశావా?"

"మంచు బాగా ఉందే ఆ పక్క."

"బాగా ఉంటే? ఊళ్ళో ముసలమ్మలందర్నీ, ముందు బయటికెళ్ళి పైపులు చూడండమ్మా అని, నైటీలతో మంచులోకి తోలాను నేను. నీకేమైంది, కాళ్ళు లేవా?"

హిల్మర్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"గేలెన్ కిటికీలోంచి చూస్తాడనా?"

ఆయన ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఇదిగో, విను," అంది ఆర్డిస్, ఈసారి మెల్లగా. "అయిదు వారాల్నుంచి నేనిక్కడ నడక నేర్చుకుంటున్నాను, చంటిపిల్లలాగా. కర్ర పట్టుకుని రోజుకి నాలుగడుగులు. ప్రాణం పోతుందనుకో. ఎందుకు చేస్తున్నాననుకున్నావు? ఇంటికి రావడానికి. నువ్వు పక్కింటాయన మంచులో నాలుగడుగులు వెయ్యలేకపోతే చెప్పు, ఆ బఠాణీల కొంపకే పోతాను."

ఫోను పెట్టేసింది.

హిల్మర్‌కు సిగ్గేసింది. చలి కూడా గుర్తులేనంత సిగ్గు. లేచి, టోపీ చెవుల మీదికి లాక్కుని, పార తీసుకుని బయటికి నడిచాడు. హద్దు దగ్గర ఒక్క క్షణం ఆగాడు, తర్వాత దాటేశాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. మంచు మాత్రం బూటు లోపలికి దిగింది.

గొట్టాలు కనబడలేదు. అవి ఉండవలసిన చోట ఉత్తరపు గోడ పొడుగునా, ఛాతీ ఎత్తున, మంచుతో ఇంకో గోడ ఉంది. గాలికి కొట్టుకొచ్చిన మంచు అలా ఉండదని హిల్మర్‌కు చూడగానే తెలిసింది. మిషనుతో చిమ్మిన మంచు అది. దాన్ని ఎవరో పార వీపుతో అద్ది, అంచులు దిద్ది, పైన వాలుగా నున్నగా చేశారు. చాలా నీటుగా, వరస తప్పకుండా చేశారు. పూర్వం పల్లెల్లో ఇళ్ళకు ఇలాగే ఉత్తరపు గోడకు మంచు ఆనించేవాళ్ళు, చలిగాలి దూరకుండా. ఈ రోజుల్లో ఆ ఓపిక ఎవరికీ లేదు.

మంచు మీద చక్రాల జాడ ఉంది. ఆయన దాని వెంట చూపు నడిపించాడు. అది తన కారు దారి నుంచి బయల్దేరి, ఇంటి ముందు ఆర్డిస్ గోనెగుడ్డ కప్పి ఉంచిన గులాబీ మొక్కలను తాకకుండా పక్కకు తిరిగి, గేలెన్ షెడ్డులోకి వెళ్ళింది.

హిల్మర్ పార మీద ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. అయిదు వారాలుగా చర్చి వాళ్ళని అనుకున్నది ఈ మనిషినా? చూసేవాళ్ళెవరూ లేరనుకుని, ఆ నున్నటి అంచును ఒకసారి చేత్తో నిమిరాడు.

తర్వాత తవ్వాడు. గొట్టాలు రెండూ బయటపడ్డాయి, మూతుల నిండా మంచు గట్టిగా కూరుకుపోయి ఉంది. వేలితో తవ్వి తీశాడు. కాసేపటికి ఒక గొట్టం దగ్గినట్టు చప్పుడు చేసి, తెల్లటి ఆవిరి వదిలింది. లోపల మంట అంటుకుంది. గురువారానికి ఇల్లు వెచ్చబడుతుంది.

అప్పుడే గేలెన్ వంటింటి కిటికీ తెర కదిలింది.

అప్పుడు గాని హిల్మర్‌కు తాను చేసింది ఎలా కనబడుతుందో తట్టలేదు. ఎవరికీ తెలియకుండా గేలెన్ కట్టిన మంచు గోడను, గేలెన్ కళ్ళముందే, పారతో కొట్టి పడేశాడు. మాట్లాడకుండా ఇంటికి పోతే అది పదకొండేళ్ళ కిందటి మాట కంటే పెద్ద అవమానం. పోనీ, నువ్వే నా ఫర్నేస్ ముక్కు మూసేశావని నిజం చెబితే, అప్పుడు కుర్చీలు, ఇప్పుడు మంచు అన్నట్టు, అదే మాట రెండోసారి అన్నట్టే. రేపు సాయంత్రం మళ్ళీ మంచు పడుతుందంటున్నారు. చెప్పకపోతే గేలెన్ మళ్ళీ గోడ కడతాడు, ఆర్డిస్ మళ్ళీ దగ్గుతుంది.

పారను మంచులో గుచ్చి, హిల్మర్ పక్కింటి వైపు నడిచి, వంటింటి తలుపు కొట్టాడు. కొట్టీ కొట్టకముందే తెరుచుకుంది. గేలెన్ తలుపు వెనకాలే నిలబడి ఉన్నాడని అర్థమైంది. ముసలివాడైపోయాడు. చర్చిలో ఆరు వరసల దూరం నుంచి చూస్తే అది తెలియలేదు.

"చలిగా ఉంది," అన్నాడు హిల్మర్.

"ఉంది," అన్నాడు గేలెన్.

"రేపు ఇంకా పడుతుందట."

"అంటున్నారు."

పదకొండేళ్ళ తర్వాత ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం మా ఊళ్ళో ఇలాగే మొదలవుతుంది.

గేలెన్ తన చెప్పుల వంక చూసుకుంటూ అన్నాడు. "ఆ మంచు తవ్వేశావు."

"తవ్వాను."

"గోడకి ఆనించి ఉంటే ఇల్లు వెచ్చగా ఉంటుంది. మా నాన్న ఏటా వేసేవాడు. రేపు ఆర్డిస్ వస్తోందన్నారు చర్చిలో. అందుకని..." అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గోడ బాగా కట్టావు గేలెన్. అంత నున్నగా కట్టడం నేనెక్కడా చూళ్ళేదు. దాని తప్పేం లేదు." హిల్మర్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ అన్నాడు. "ఆ పక్క రెండు గొట్టాలున్నాయి. ఫర్నేస్‌వి. వాటిని బిగించినవాడెవడో మోకాలెత్తున బిగించి పోయాడు, ఇంత మంచు పడే ఊళ్ళో. గాలొచ్చే దారి అక్కడ పెట్టకూడదని కోడికి కూడా తెలుసు."

గేలెన్ తలెత్తాడు.

"ఎవరు బిగించారు?" అన్నాడు.

"నేనే."

అప్పుడే ఇంకొకటి తట్టి, గేలెన్ మొహం పాలిపోయింది.

"అయితే ఈ రెండ్రోజులూ నీకు వేడి లేదా? నేనే కదా ఆ గొట్టాల్ని..."

"ఈ మిషన్లు అంతే గేలెన్," అన్నాడు హిల్మర్. "అప్పుడప్పుడు అలా చేస్తుంటాయి."

నలభై ఏళ్ళు ఊళ్ళో అందరికీ దొరికిన మాట అది. గేలెన్‌కు మాత్రం పదకొండేళ్ళు ఆలస్యంగా అందింది. ఆయన మొహం పక్కకు తిప్పుకుని, పొయ్యి మీద కాఫీ గిన్నెను అనవసరంగా ఇటు నుంచి అటు జరిపాడు.

"కాఫీ తాగుతావా?" అన్నాడు అటే తిరిగి.

"వద్దులే, నీకు శ్రమ."

"కాచే ఉంది."

"అబ్బే, వెళ్ళాలి."

మూడోసారి అడిగితే ఒప్పుకోవడం ఆచారం. గేలెన్ మూడోసారి అడగలేదు. కప్పు తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీ వెనక్కి లాగాడు. హిల్మర్ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే గొట్టాలకు మలుపులు వేసి తలెత్తు దాటేదాకా పైకి లేపారు. హిల్మర్ నిచ్చెనెక్కాడు, గేలెన్ నిచ్చెన పట్టుకున్నాడు. పదకొండేళ్ళ కిందట వాకిట్లో ఆనించి పోయిన నిచ్చెనే అది. పని అయ్యాక గేలెన్ వాటి కింద మంచు గోడను మళ్ళీ మొదటి నుంచి కట్టాడు. హిల్మర్ మంచు అందించాడు. అంచులు దిద్దడం మాత్రం గేలెన్ ఇంకొకరిని ముట్టనివ్వలేదు.

గురువారం ఆసుపత్రి బండి ఆర్డిస్‌ను దింపింది. కర్ర మీద ఆనుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికి వచ్చి, వేడిగాలి జాలీ పక్కనున్న కుర్చీలో కూర్చుని, చేతులు అటు చాపింది. కోటు బొత్తాలు విప్పింది. తర్వాత కోటే తీసేసింది.

"ఏమైంది దానికి?" అంది.

"ఆరో కారణం."

"చూశావన్నమాట."

"చూశాను."

"గేలెన్ చూశాడా నిన్ను?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"కాఫీ ఇచ్చాడు."

ఆర్డిస్ కళ్ళు తుడుచుకుని, అది జాలీలోంచి వచ్చే వేడికన్నట్టు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

"ఎలా ఉంది కాఫీ?"

"నీళ్ళు."

"ఎన్ని కప్పులు తాగావు?"

"మూడు," అన్నాడు హిల్మర్.